నా పేరున్న పసుపు జెర్సీ

నన్నెవరైనా తక్కువ చేస్తే ఏళ్లు గడిచినా మరచిపోను. మూడేళ్ల క్రితం ఆదోనిలో మా ఫుట్‌బాల్ జట్టుకు నేనే గోల్‌కీపర్‌ని. టోర్నమెంటుకు పేర్లిచ్చే చివరి రోజున అందరి పేర్లూ అచ్చువేసిన కొత్త నీలం జెర్సీలొచ్చాయి. నాది మాత్రం లేదు. ఎందుకని అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, గడువు ముగిసేలోగా అక్కడి జట్టులో సంతకం చేశాను.

అంతలో మా కెప్టెన్ ఫోన్ చేశాడు. "యాడుండావప్పా? గోల్‌కీపర్‌ది వేరే రంగు కదా, నీ పసుపు జెర్సీ ఇప్పుడే వచ్చింది."

ఇన్నేళ్లూ వేరే రంగే తొడిగిన నాకు ఆ సంగతి తట్టలేదు. సంతకం రద్దు చేయమని అక్కడివాళ్లను బతిమాలాను. కుదరదన్నారు.

తర్వాత రెండు జట్లకూ పోటీ పడింది. ఎదుటి గోల్ ముందు, ఎన్నడూ కీపింగ్ చేయని కెప్టెనే నా జెర్సీ తొడుక్కొని నిలబడ్డాడు. ఐదు గోల్స్ పడ్డాయి. పడినప్పుడల్లా జనం అతని వీపు మీది నా పేరు చదివి, "ఏమప్పా నాగరాజా, నిద్ర పోతాండావా?" అని అరిచారు. నేను తలెత్తలేదు.

ఆట ముగిశాక అతను ఆ జెర్సీ మడిచి నా చేతిలో పెట్టాడు. "నీదే కదప్పా, తీస్కో."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు. ఈరోజుకీ నన్ను కుదురుగా ఉండనివ్వనిది అదే.