అమెరికా పిట్ట, సుంగై సుమున్ చీటీ

కోవిడ్‌కు ముందటి ఏడాది నేను మలేసియాలో, సైబర్‌జయలోని ఒక ప్రైవేటు ప్రకృతి మ్యూజియంలో సీనియర్ టెక్నీషియన్‌గా ఉన్నాను. చచ్చిన జీవులకు దూది కూరి, కుట్టి, బతికున్నట్టు నిలబెట్టడం నా పని. బతికున్న అధికారులను నిలబెట్టడం కంటే అదే సులువు.

ఆ ఏటి ప్రదర్శన ఎర్ర గొంతు హమ్మింగ్‌బర్డ్‌కూ పొలం చిట్టెలుకకూ పోలిక. ఒళ్లు చిన్నదైతే వేడి త్వరగా పోతుంది. అందుకే రెండింటి గుండెలూ దడదడలాడతాయి, రెండింటికీ ఎప్పుడూ మేతే ధ్యాస. ఒకటి గాలిలో నిలబడి తేనె తాగుతుంది, రెండోది నేల మీద గింజలు దొంగిలిస్తుంది. పోలిక బాగానే ఉంది. లోపమల్లా ఒకటే: హమ్మింగ్‌బర్డ్ అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేదు, మా బీరువాలో అసలే లేదు.

డైరెక్టరుగారు మహా మేధావి. బీరువాలోంచి ఒక తేనెపిట్టను తీయించి, దాన్నే హమ్మింగ్‌బర్డ్‌గా నిలబెట్టమని, ముక్కు పొడుగే కదా అన్నారు. ఇది కుదిరితే నన్ను అసిస్టెంట్ క్యూరేటర్‌ను చేస్తానన్నారు. ఏళ్ల తరబడి నేను కాచుకున్న పదవి అది.

చిక్కు కాలి దగ్గర వచ్చింది. మా వృత్తిలో ప్రతి స్పెసిమెన్ కాలికీ ఒక చీటీ కడతాం: ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికిందో దాని మీద ఉంటుంది. దాన్ని కత్తిరించినవాడు రిజిస్టరులో సంతకం పెట్టాలి. డైరెక్టరుగారికి కత్తెరతో పాటు పెన్నూ అందించాను. ఆయన రెండూ ముట్టలేదు. చీటీని పెట్టెలోని ఆకు కింద దాచమన్నారు. దాచాను. పెట్టె మీద ‘అమెరికా హమ్మింగ్‌బర్డ్’ అని బోర్డు ఇంకో టెక్నీషియన్ రాశాడు.

ప్రారంభం రోజున సర్కారు బిరుదు పొందిన ముఖ్య అతిథి దాతుక్‌గారు గాజు పెట్టె ముందు నిలబడ్డారో లేదో, తెలుగువాళ్లున్న మా ఊరు సుంగై సుమున్ నుంచి బస్సులో వచ్చిన అప్పలనరసమ్మ పెద్దమ్మ ఆయన మోచేతి కిందుగా తల దూర్చింది. ఎలుకను చూసి తలూపింది. పిట్టను చూసి ఆగింది. వంగి ఆకు కిందికి చూసింది.

“ఏటి బాబూ, అమెరికా పిట్టంటన్నారు. ఇది మన తేనిపిట్ట గదా లా. కాలికి మనూరి పేరు, నీ పేరు కట్టినారు.”

మలయు ‘లా’ తగిలించిన తెలుగులో ఆవిడ ఏమంటోందని దాతుక్‌గారు నన్ను అడిగారు. డైరెక్టరుగారు ఎన్నడూ లేనంత ప్రేమగా నా వైపు చూశారు. కోతలు కోయడంలో నాకు ఊళ్లో పేరుంది. పులిని గొడుగుతో తరిమిన కథ ఇప్పటికీ అడిగి చెప్పించుకుంటారు. ఇక్కడ ఒక్క చిన్న కోత చాలు. కానీ ఊళ్లో క్లినిక్ అద్దానికి గుద్దుకుని చచ్చిన ఆ పిట్టను తీసి, చీటీ రాసింది నేనే. పెద్దమ్మ మాటను దాతుక్‌గారికి మలయు భాషలో ఉన్నదున్నట్టు చెప్పాను.

పదవి బోర్డు రాసినతనికి దక్కింది. నేను సీనియర్ టెక్నీషియన్‌గానే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను.

తెలిసిందేమిటంటే, బోర్డు ఎవరైనా రాస్తారు. చీటీ మాత్రం పిట్టను చేతిలోకి తీసుకున్నవాడే రాస్తాడు. పదవి కావాలనుకునే కోతలరాయుడు దాని మీద తన పేరు రాయకూడదు.