మరదలి ఊపిరి, తోడల్లుడి సంతకం

పోయిన నెల మా మరదలు, నా భార్య చెల్లెలు, కన్నుమూసింది. చిలకలగూడలో తన వాకిట్లో కూరగాయల బండివాడితో బేరమాడి, గెలిచి, లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని ఒరిగిపోయిందట. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఫోన్ చేసింది ఆమె భర్త, అంటే నా తోడల్లుడు. "అన్నా, పోయింది" అన్నాడు. అంతే.

పోయినవాళ్ళను దేవతల్ని చేసే అలవాటు నాకు లేదు. ఆమెకు నోరెక్కువ. నా చేతిలో ఏ పుస్తకం కనిపించినా, "ఏంది బావా, గిన్ని చదివినా నీ కోపం తగ్గకపాయె" అనేది. టీ సగం కప్పే పోసేది. "మిగిలింది నువ్వు తిట్టుడు ఆపినంక." ఆ మిగతా సగం తాగకుండా లేచి వచ్చిన రోజులే ఎక్కువ.

ఆమెకు ఆస్తమా. ఇన్‌హేలర్ పంపు వాడితే అలవాటైపోయి జీవితాంతం వదలదని మా తోడల్లుడి సిద్ధాంతం. అందుకని రోజూ పీల్చవలసిన పంపు మానేసింది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేదాన్ని మాత్రం బియ్యం డబ్బాలో దాచుకునేది. ఇలాంటి ఇళ్ళు మన ఊళ్ళో తక్కువేం కాదు. దగ్గు మందు అందరి ముందూ తాగుతారు, పంపు మాత్రం కొంగు చాటున.

మూడేళ్ళ కిందట బేగంపేటలో మా చుట్టాల పెళ్ళిలో హోమం పొగ తగిలింది. కొత్త వియ్యాలవారి ముందు బాగుండదని భర్త అన్నందుకు పంపు ఇంట్లోనే వదిలి వచ్చింది. ఆస్పత్రికి చేరేసరికి మాట రాలేదు. మందులు పనిచేయలేదు. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది.

"గాలి లోపలికి పోతుంది సర్, బయటికి వస్తలేదు. వెంటిలేటర్ స్పీడు పెంచితే లంగ్స్ చిట్లిపోతాయి. తగ్గిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అందుకని రక్తాన్ని కొంచెం కొంచెంగా బయటికి తీసి, ఇంకో మిషన్‌లో ఆ గాలి తీసేసి, మళ్ళీ ఒంట్లోకే పంపిస్తాం. లంగ్స్‌కు జెర రెస్ట్ దొరుకుతది."

"గ్యారంటీనా అమ్మా?" అన్నాడు తోడల్లుడు.

"లేదు అంకుల్. బ్లీడింగ్ కావచ్చు, గడ్డలు కట్టొచ్చు. డాక్టర్లలోనే దీని మీద వాదనలున్నాయి. కానీ ఆంటీకి వేరే దారి కనపడ్తలేదు."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "రక్తం బయట తిప్పుతరంట అన్నా. మనిషి ఆగమైతది."

నేను విదిలించుకున్నాను. "పంపు దాపిచ్చినోడివి నువ్వే. ఇప్పుడు మిషన్ సుత వద్దంటవా?" ఆస్పత్రికి వచ్చిన పెళ్ళివాళ్ళంతా విన్నారు. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఆయన అద్దం తలుపులోంచి ఆమెను చాలాసేపు చూశాడు. వచ్చి సంతకం చేశాడు.

సాయంత్రం లోపలికి వెళ్ళి చూశాను. ఒక గొట్టంలో నల్లగా పోయిన రక్తం ఇంకో గొట్టంలో ఎర్రగా తిరిగి వస్తోంది. వెంటిలేటర్ తొందర మానేసింది. ఆమె ఛాతీ నింపాదిగా లేచి, పూర్తిగా దిగుతోంది. కొన్నాళ్ళకు గొట్టాలన్నీ తీసేశారు. గొంతు పెగలగానే ఆమె భర్తతో అన్నది ఇదీ: "ఇగ పంపు టీవీ ముందల్నే పెడత. ఎవలొస్తే వాళ్ళు చూస్తరు." అన్నట్టే పెట్టింది, రోజూ వాడింది.

మొన్న కర్మ భోజనాల దగ్గర మా తోడల్లుడు వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు: "గా మిషన్ పెట్టిననాడే సగం పాణం పోయింది. సంతకం పెట్టింది నేనే." నాకు ఒళ్ళు మండింది. ఇది రాయడానికి కూర్చున్నది అందుకే. ఆమె చావుకూ ఆ మిషన్‌కూ సంబంధం లేదని డాక్టర్లు స్పష్టంగా చెప్పారు. పంపు దాపించిన తప్పు ఆయనదే, అది నేను మరిచిపోను. కానీ ఆ మూడేళ్ళు ఆమెకు దక్కింది కూడా ఆయన సంతకంతోనే. చేసిన మంచిని నేరంలా ఒప్పుకుంటూ తిరుగుతున్నాడు మూర్ఖుడు. ఎదురుగా చెప్పడానికి నాకు నోరు రాలేదు. అచ్చులోనైనా చదువుకుంటాడు.

ఆమె కోలుకున్నాక ఒకసారి ముగ్గురం సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్ళి చుట్టాలను రైలెక్కించాం. తిరిగి వచ్చేటప్పుడు లిఫ్టు వద్దంది. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వంతెన మెట్లెక్కి పైకి చేరింది. నేనూ తోడల్లుడూ సగం మెట్ల మీద కమ్మీ పట్టుకుని, రొప్పుతూ, ఏదో విషయానికి తిట్టుకుంటున్నాం.

"ఏం లొల్లి మీది? దమ్ము తీసుకోండ్రి జెర. మెల్లగ రాండ్రి, నేనేడికి పోత?"

కింద రైలు కదిలింది. ఆమె పైమెట్టు మీద, కొంగుతో మెడ తుడుచుకుంటూ, మా ఇద్దరి కోసం నిలబడి ఉంది.