వకీలు పెరట్లో చిన్నతాత పొట్టేలు

నా చిన్నప్పుడు, తెలంగాణ వచ్చిన కొత్తలో, మా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. తాత పోయాక, గొర్రెల మంద నిలిపే మూడెకరాల చెలక తనదేనని ఆయన తమ్ముడు కోర్టుకెక్కాడు. ఆయన్ని నేను చిన్నతాత అంటాను. ఆ చెలక పోతే మందకు వేరే జాగా లేదు, గొర్రెలను అమ్ముకోవడమే. అందుకే అవ్వ మహబూబ్‌నగర్‌లో ఒక పెద్ద వకీలును పెట్టుకుంది.

ఒకరోజు ఆయన రమ్మంటే అవ్వ వెంట నేనూ పోయాను. ఇంటి ముందుగదే ఆఫీసు. ఎంతసేపటికీ పిలవలేదు. నాకు తొమ్మిదేళ్లు, కాలు ఒకచోట నిలిచేది కాదు. మెల్లగా పెరట్లోకి వెళ్లాను. జామచెట్టుకు ఒక పొట్టేలు కట్టేసి ఉంది. దాని కుడిచెవికి రెండు గాట్లు!

మా వైపు ఏ ఇంటి మందకు ఆ ఇంటి చెవిగాటు ఉంటుంది. మాది ఎడమచెవికి ఒకటి. కుడిచెవికి రెండంటే చిన్నతాతదే.

ఉరికొచ్చి అవ్వ చెవిలో చెప్పాను. "నోరు మూస్కో పోరి" అంటూనే లేచొచ్చింది. పొట్టేలు చెవిని వేళ్లతో తడిమి చూసి, పిలవకుండానే వకీలు గదిలోకి నడిచింది.

సంతలో కొన్నానన్నాడు వకీలు. అవ్వ కదలకపోయేసరికి గొంతు తగ్గించాడు. చిన్నతాత కేసూ ఆయనదేనట, తన దగ్గర పనిచేసే వకీలు పేరుతో వేయించాడట. "నీ మరిది దగ్గర ఏ కాయిదాలున్నయో నాకు ఎర్కే. నీకే మంచిది గదనే అవ్వా" అని నవ్వాడు.

"వాని ముచ్చట నాకు చెప్తున్నవ్. మరి నా ముచ్చట వానికి చెప్పకుంట ఉంటవా సారూ? నా కాయిదాలు నాకియ్యి."

ఆ మాట ఆయనకు తగిలిందో లేదో కానీ, నాకు మాత్రం తగిలింది. ఎందుకంటే నేను రెండిళ్లలోనూ తినేదాన్ని. అవ్వ మాటలు చిన్నతాత ఇంట్లో చెబితే పల్లిపట్టీ పెట్టేవాళ్లు. అక్కడి మాటలు ఇంట్లో చెబితే అవ్వ మురిసేది. అదంతా నా తెలివి అనుకునేదాన్ని. బస్సులో ఇక ఆగలేక చెప్పేశాను. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను.

"గాయినె కుర్సీల కూసుండి చేసిండు, నువ్వు గడప మీద కూసుండి చేసినవ్. గంతే ఫరక్" అంది అవ్వ. మళ్లీ తనే, "నేను గూడ మురిసి విన్న. నాది గూడ తప్పే" అంది.

బస్సు దిగి నేరుగా చిన్నతాత ఇంటికి తీసుకెళ్లి, వకీలు చేసిందీ నేను చేసిందీ అన్నీ నా నోటితోనే చెప్పించింది. చిన్నతాత మొదట అరిచాడు, తర్వాత తల దించుకున్నాడు. "ఆ వకీలు నీ ముచ్చట్లు గూడ నాకు చెప్పిండు వదినె."

వకీలు మీద రాయించిన ఫిర్యాదు కాగితంపై అవ్వ వేలిముద్ర పక్కనే చిన్నతాత సంతకం పెట్టాడు. వకీళ్ల తప్పులు విచారించే పెద్దలు ఇద్దరినీ పిలిచి అడిగి, ఆ వకీలు కొన్నాళ్లు కోర్టుకు రాకుండా ఆపారు. కేసు మాత్రం ఆగలేదు. ఇద్దరూ వేరువేరు వకీళ్లను పెట్టుకుని కొట్లాడారు. చివరికి చెలక అవ్వకే వచ్చింది.

ఇప్పుడు నేను ఆత్మకూర్‌లో బట్టలు కుడతాను. కొలతలిస్తూ కోడళ్లు అత్తల మీద చెబుతారు, సాయంత్రం ఆ అత్తలే వచ్చి కూర్చుంటారు. నా నాలుక ఇప్పటికీ ఊరుకోదు, దురద పెడుతూనే ఉంటుంది. అందుకే ముందే చెప్పేస్తాను: "మీ అత్తమ్మ గూడ నా దగ్గరికే వస్తది అక్కా. చూస్కొని చెప్పు."