ముక్కు నావైపు తిరిగినప్పుడు

జబ్బు నయమైందన్నారు గానీ, నా వేళ్లు మాత్రం నాకు తిరిగి రాలేదు. కీమో మందులు వేళ్ల కొసల్లోని స్పర్శను పట్టుకుపోయాయి. చొక్కా గుండీ పెట్టుకుంటుంటే ఎవరి గుండీనో ఎవరో పెడుతున్నట్టుండేది. ఆ వేళ్లతోనే నేను సైన్యంలో హెలికాప్టర్ నడిపాను. మంచుకొండల మధ్య వాకిలంత చోటు దొరికితే చాలు, దించేసేవాణ్ణి. ఇక ఎగరకూడదని మెడికల్ బోర్డు ఒక్క ముక్కలో తేల్చేసింది.

పాతపట్నంలో నా భార్య పుట్టింటికి చేరాం. మధ్యాహ్నాలు మంచం మీద పడుకుని తిరిగే ఫ్యాను వైపు చూస్తుంటే, గది మెల్లగా నేల విడిచేది. కిటికీలో కొబ్బరాకులు కిందికి జారిపోయేవి. అది మెలకువో కలో తెలిసేది కాదు. మా ఆవిడ పాలు తెచ్చి పిలిచేసరికి మళ్లీ మంచం మీదికి వచ్చి పడేవాణ్ణి. ఆ కోపమంతా ఆమె మీద చూపించేవాణ్ణి.

ఆమె తమ్ముడు అక్కడే వ్యవసాయం చేస్తాడు. వాళ్ల రైతు సంఘానికి పొలాల్లో మందు కొట్టే డ్రోన్ వచ్చింది.

"బావా, నువ్వు ఇమానాలు తోలినోడివి. దీన్ని నువ్వే తోలాల," అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఒరే, నేను తోలింది హెలికాప్టర్రా, పురుగుమందు డబ్బా కాదు!"

అన్నానే గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. చివరికి శిక్షణకి వెళ్లొచ్చాను. ఖాళీ మైదానంలో అంతా బాగానే సాగింది. అసలు పొలంలోకి వచ్చాక పరువు పోయింది. డ్రోన్ నాకు దూరంగా వెళుతున్నంతసేపూ ఇబ్బంది లేదు. మడి చివర తిరిగి, ముక్కు నావైపు పెట్టి వస్తుంటే నా కుడి దానికి ఎడమ, నా ఎడమ దానికి కుడి. లోపల కూర్చుని నడిపినవాడికే ఈ తిప్పలన్నీ. వేపచెట్టుని తప్పించబోయి తిన్నగా దానికే గుద్దాను.

"ఏటి బావా ఇది! సేనుకి మందు కొట్టమంటే సెట్టుని కొట్టీసినావు!" అని బావమరిది పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగాక నెమ్మదిగా అన్నాడు: "మళ్లీ పడితే ఇంకోడికి ఇచ్చేస్తారట బావా. సంఘపోళ్లు సెప్పేసినారు."

విరిగిన రెక్కలు మార్పించి, తెల్లారుతుండగా, గాలి లేవకముందే మళ్లీ వెళ్లాం. నాట్లు వేసి కొన్నాళ్లే అయిన వరి. మడుల నిండా నీళ్లు, నీళ్ల నిండా మబ్బులు. గట్టు మీద నిలబడితే అప్పటికే ఆకాశంలో ఉన్నట్టుంది. రిమోట్ మీద వేళ్లున్నాయో లేదో చూసుకుంటే గానీ తెలియడం లేదు. భయమేసింది. ఇది కూడా పోతే నాకిక ఎగరడమన్నదే లేదు. డ్రోన్ లేచి మడి చివరిదాకా వెళ్లింది. అక్కడ తిరిగి, ముక్కు నావైపు పెట్టింది.

అప్పుడు నేను గట్టు మీద ఉండటం మానేశాను. ఎలాగంటే చెప్పలేను, వెళ్లి అందులో కూర్చున్నాను. ఇప్పుడు కుడి కుడే, ఎడమ ఎడమే. పచ్చటి నాట్లు నా కాళ్లకింద జారిపోతున్నాయి. మోటార్ల రొద ఒళ్లంతా నిండింది. ఎదురుగా గట్టు మీద టోపీ పెట్టుకుని, రిమోట్ పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అయ్యో, ఎంత చిక్కిపోయాడు! ఇన్నాళ్లూ వాణ్ణి నేను అసహ్యించుకున్నాను. ఇప్పుడు వాడు బెదిరిపోతాడేమోనని వేగం తగ్గించాను. మెల్లగా, చాలా మెల్లగా వెళ్లి వాడి ముందు దిగాను.

రొద ఆగింది. బావమరిది నా మొహంలోకి వంగి చూశాడు. "బావా, ఏడస్తన్నావేటి?"

"ఔన్రా, ఏడస్తన్నాను. పక్క మడికి ట్యాంకు నింపు."