ఫోన్‌లో ప్రార్థన, పిట్టగోడ మీద నేను

ఆ రోజుల్లో ఒంటరితనం అనేది ముసలివాళ్లకు వచ్చే జబ్బనుకునేవాణ్ణి. పర్చూరులో ఇంటినిండా జనం మధ్య పెరిగినవాణ్ణి కదా! బైబిలు ట్రైనింగ్ కాగానే మా సంఘం నన్ను సువార్త పనికి కనిగిరి అవతల ఒక మెట్ట ఊరికి పంపింది. అద్దె గది, నాలుగు చాపలు, ఒక గిటారు (వాయించడం రాదు, సేవకుడన్నాక ఉండాలని కొన్నాను). ఆదివారం గది ఊడ్చి, చాపలు పరిచి, తెల్లచొక్కా వేసుకుని కూర్చునేవాణ్ణి. ఎవరూ వచ్చేవారు కాదు. ఊళ్లోవాళ్లు మంచివాళ్లే, ఎదురుపడితే "బాగున్నారా సార్" అని పలకరించి, చేతిలో బైబిలు కనబడగానే పనేదో గుర్తొచ్చినట్టు వెళ్లిపోయేవారు. చివరికి ఖాళీ చాపలకే ప్రసంగం చెప్పి, ఆమెన్ కూడా నేనే అనుకునేవాణ్ణి. సాయంత్రమైతే మాట్లాడే మనిషే ఉండేవాడు కాదు.

వానాకాలం రాకముందే ఓపిక అయిపోయింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం బ్యాగు సర్దేసి, వచ్చేస్తున్నానని చెబుదామని మా మేనత్తకు ఫోన్ చేశాను. మా ఊరి స్త్రీల ప్రార్థన కూటానికి ఆవిడే పెద్ద. సిగ్నల్ డాబా మీదే వస్తుంది. అదీ పిట్టగోడ ఎక్కి, ఫోన్ పైకెత్తి పట్టుకుంటేనే. అందుకని స్పీకర్ పెట్టాను.

"ఒరేయ్, సరిగ్గా కూటంలో ఉండగా చేశావు! ఎట్టా ఉన్నావురా?"

నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. అత్తకు అర్థమైపోయింది. "అమ్మా, అందరూ మోకరించండి" అంది.

"ప్రభువా! మా పిల్లోడు నీ పని మీద పోయాడు తండ్రీ! వాడికి అన్నం వార్చటం కూడా రాదయ్యా. పచ్చళ్లు తిని కడుపు పాడుచేసుకున్నాడు. చీకటంటే భయం తండ్రీ, చిన్నప్పటినుంచీ! వాడికి తోడుగా ఒక్క మనిషినన్నా పంపించు దేవా!" వెనకాల ఆడవాళ్లంతా "అవును తండ్రీ" అని ఏడుపు. ఆపుదామంటే చేతిలో ఫోన్, కాళ్ల కింద పిట్టగోడ. కింద వీధిలో జనం పోగయ్యారు. నేను మాత్రం కళ్లు మూసుకుని (భక్తితో కాదు, సిగ్గుతో) నిలబడ్డాను.

కిందికి దిగేసరికి ఎదురింటి రైతు భార్య గిన్నెలో అన్నం, దోసకాయ పప్పు పట్టుకుని గుమ్మంలో ఉంది. "ఏందయ్యా, పెద్ద చదువులు చదివినోడివని మేం దగ్గరికి రాలేదు. తిండికి ఇంత అవస్థ పడతన్నావా! ఇంతకీ ఎవరయ్యా వాళ్లంతా?"

"మా అత్త, మా ఊరి ఆడవాళ్లండీ."

"కని పెంచినట్టే ఏడ్చారే!" అని గిన్నె నా చేతిలో పెట్టింది. "మా అల్లుడు తాగుడు మానాలని దేవుణ్ణి అడగమంటావా ఆమెని?"

బ్యాగు విప్పేశాను. ఆ ఆదివారం ఆవిడ వచ్చి చాప మీద కూర్చుంది. నా ప్రసంగం సాంతం విని, "ఫోన్ అత్త రాదా ఇయ్యాల?" అంది నిరాశగా. నెమ్మదిగా ఆమె వెనక ఇంకొందరు వచ్చారు. అల్లుడు తాగుడు మానలేదు గానీ, అతని కోసం పర్చూరులో ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఏడ్చారు.

అత్త పోయింది. నేనిప్పుడు చిలకలూరిపేటలో ఏసీ గుడిలో ప్రార్థన ప్రాముఖ్యత మీద గంటసేపు ప్రసంగాలు చేస్తుంటాను. నా కోసం ప్రార్థించేవాళ్లూ చాలామందే, "మా అయ్యగారిని బలపరచు ప్రభువా" అంటూ ఎంతో మర్యాదగా. నా కడుపు సంగతి మాత్రం ఎవరూ దేవుడి దగ్గర ఎత్తరు.