బొట్టుబిళ్లల పటం

మంగళవారం పొద్దున దీపం పెడుతుండగా ఫోన్ వచ్చింది. మా బస్తీ దవాఖానలో పనిచేసిన సిస్టరమ్మ నిద్రలోనే పోయారట. సాయంత్రానికి పెద్ద రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ గేటుకు ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. కరోనాలో మన ప్రాణదాత అని రాశారు. ఆ రోజుల్లో ఆమె లోపలికి రాకుండా తాళం వేసింది కూడా ఆ గేటుకే. అది రాయడానికి చోటు చాలలేదు కాబోలు.

నేను అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాను. అప్పట్లో సిస్టరమ్మ పాత క్యాలెండర్ కాగితం వెనక మా గల్లీలన్నీ గీసి, జ్వరమున్న ఇంటి మీద ఎర్ర బొట్టుబిళ్ల అంటించేవారు. గదికి ఆరుగురు, పదిమందికి ఒక బాత్‌రూం ఉన్న మా గల్లీ వారంలో ఎర్రబడిపోయింది. అపార్ట్‌మెంట్ల వైపు తెల్లగా ఉంది. అసోసియేషన్ ప్రెసిడెంట్ ఆ తెలుపును ఫొటో తీసి, మన దగ్గర సున్నా అని వాట్సాప్‌లో పెట్టుకున్నాడు.

"సున్నా కాదు సారూ, నన్ను లోపలికి రానియ్యలే. గంతే," అన్నారు సిస్టరమ్మ నవ్వకుండా.

జ్వరం చూసే ముందు ఆమె మా హాస్టల్లో ప్రతి పిల్లనూ ఒకటే అడిగేవారు. "మీ ఊరికి దవాఖాన ఎంత దూరం బిడ్డా?" పిల్లలు నవ్వుకునేవారు, నేనూ నవ్వాను. మా ఓనర్ ఒక్క పూటలో హాస్టల్ ఖాళీ చేయించినప్పుడు ఆ ప్రశ్న ఎందుకో తెలిసింది. ఆదిలాబాద్ వైపు పిల్ల ఒకతె ఒళ్లు కాలిపోతూ ఆటో ఎక్కింది. సిస్టరమ్మ ఆటోకు అడ్డంగా నిలబడ్డారు.

"అమ్మానాన్నల దగ్గరికి పంపుతుంటే మీకేంటండీ బాధ?" అన్నాడు ఓనర్.

"ఆళ్ల ఊర్లె డాక్టర్ వారానికొకపారి వస్తడు. ఆ అమ్మానాన్నకు జరమొస్తే నువ్వు పోయి చూస్తవా?"

అతను గడియారం చూసుకున్నాడు.

పంజాగుట్ట దాకా వరసగా ఉన్న అద్దాల ఆస్పత్రులు మాకు చూసుకోవడానికే. ఎక్కడికి వెళ్లినా మంచం లేదన్నారు. మూడో రోజు సర్కారు దవాఖానలో మంచం దొరికేదాకా ఆ పిల్లను సిస్టరమ్మ తన ఇంటి ముందు గదిలోనే పడుకోబెట్టుకున్నారు. పిల్ల బతికింది.

అంతకు ముందే వెళ్లిపోయిన ఆటోలో ఇంకో పిల్ల ఉంది. ఆమెకూ ఒళ్లు వెచ్చగానే ఉందని తర్వాత తెలిసింది. దారిలో తినమని పులిహోర కట్టిచ్చింది నేనే. పదిహేను రోజులకు వాళ్లమ్మకు ఊపిరాడక, మండలం దవాఖాన చేరకముందే ప్రాణం పోయింది. దేవుడిచ్ఛ అన్నాడు ఓనర్. నేను రోజూ దండం పెట్టుకునే దేవుణ్ని అంత చవగ్గా వాడుకున్న మనిషిని మళ్లీ చూడలేదు. నేనూ తక్కువ తినలేదు. పొట్లం కట్టిన చేతికి ఆ నుదురు తాకి చూడాలని తోచలేదు.

ఆ సంగతి చెప్పి ఏడిస్తే సిస్టరమ్మ నన్ను ఓదార్చలేదు. "ఇంకోపారి ఎవలన్న పోతుంటే, ముందుగాల దూరం అడుగు," అన్నారు.

సిస్టరమ్మ పోయిన పదో రోజున ఆమె కూతురు ఆ బొట్టుబిళ్లల పటం నాకిచ్చింది. దేవుడి గూటి పక్కన తగిలించాను. జిగురు ఎండిపోయి, రోజూ ఊడ్చేటప్పుడు ఒకటో రెండో బిళ్లలు నేల మీద దొరుకుతాయి. ఏది ఏ ఇంటిదో నాకు తెలుసు. తెల్లగా ఉన్న వైపు నుంచి రాలడానికి ఏమీ లేదు.

ఈ రోజు రాలింది మా హాస్టల్‌ది. అన్నం మెతుకుతో మళ్లీ అంటించాను.