బావ రెండో కాలు

ఈ ఉదయం, ఈ అరబ్బు దేశపు దార్సైట్‌లో మా ఫ్లాట్ గుమ్మం ముందు బావ చెప్పులు కనిపించాయి. రెండింటి మడమలూ బయటివైపే అరిగి ఒరిగిపోయాయి. వాటిని చూస్తే నాకు నవ్వుకన్నా ముందు ఆనాటి వణుకే వస్తుంది.

బావ ఇక్కడే అల్ మవాలేలో టైల్స్ పరిచేవాడు. గొంతుక్కూర్చుంటేనే కూడు పెట్టే పని. సైట్‌లో మెట్ల మీంచి జారి, మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. "ఊరికి పంపియ్యిరా తమ్మీ, కట్టుగట్టే తాత ఉన్నడు" అని అక్క ఫోన్లో ఏడ్చింది. తాయెత్తులనూ నాటుకట్లనూ సభల్లో చీల్చి చెండాడినవాణ్ణి, ఊరుకుంటానా? పట్టుబట్టి ఆపరేషన్ చేయించి, ఎముకలో రాడ్ వేయించాను. తీరా కట్టు విప్పితే పాదం బయటికి తిరిగి ఉంది! కింది ముక్క మెలిదిరిగి అతికిందేమోనని హైదరాబాదీ డాక్టరమ్మ అనుమానపడింది. అదే నిజమైతే మళ్లీ విరగ్గొట్టి తిప్పాలట. ఆ పాదాన్ని ఫోటో తీసి అక్కకు పంపాను. నా మాట విన్న పాపానికి ఒక మనిషి కాలు రెండోసారి విరగబోతోందన్న భయం పట్టుకుంది.

మెలిక ఎంతో తేల్చడానికి స్కానింగ్ రాశారు. ఎముక పైకొస ఎటు చూస్తోంది, కిందికొస ఎటు చూస్తోంది, ఆ రెండింటి మధ్య కోణమే మెలిక. బల్ల మీద రెండు కాళ్లనూ కలిపి పట్టీ వేస్తుంటే, "మంచి కాలెందుకమ్మా?" అన్నాను. దానికీ ఏదో రోగం అంటగడతారని నా బెదురు. నన్ను బయటికి పంపేశారు. కాసేపటికి చక్రాల కుర్చీలో వచ్చిన బావ, జోడించి ఉన్న నా చేతుల్ని చూశాడు.

"ఏంరా నాస్తికుడా, ఎవలికి మొక్కుతున్నవ్?"

"ఏసీ చలి బావా!"

డాక్టరమ్మ విరిగిన కాలి కోణం చెప్పింది. ఎక్కువే. ఆమె రెండో కాలినీ కొలిచి నవ్వింది. "దోనో పావాఁ ఐసైచ్ హై. ఘబరావ్ నక్కో." రెండు కాళ్లూ అంతే, పుట్టుకతో వచ్చిన తీరు, భయపడొద్దని. విరగ్గొట్టే పని లేదు.

అక్కకు చెబితే ఏడుస్తూనే తిట్టింది. "పెండ్లినాటి సంది ఆయనది బాతు నడకే గదరా! నువ్వు ఒక్క కాలు ఫోటోనే పంపితివాయె!"

సాక్ష్యం చూపమని ఊరూవాడా నిలదీసిన నాకు, పక్కనే ఉన్న రెండో కాలు కనపడలేదు. భయానికి ఒంటి చూపే. ఇప్పుడు విరిగింది ఏ కాలో చటుక్కున గుర్తు రాదు. గుమ్మం ముందున్న చెప్పులనడిగినా చెప్పలేవు. కాలం రెండింటినీ ఒకేలా అరగదీసింది.